మొదటి అయిదు నిమిషాలు

మా అమ్మకి కొత్త బోర్డు వాడడం రాదన్న సంగతి, ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికే మా స్కూలు గేటు దగ్గరి వాచ్‌మన్‌కి కూడా తెలిసిపోయింది. ఇరవై రెండేళ్లు సుద్దముక్కతో లెక్కలు చెప్పిన మనిషి ఆవిడ. వేసవి సెలవుల్లో నల్లబల్ల పీకేసి గోడంత తెర బిగించారు. పిల్లలకి తలా ఒక ట్యాబ్ ఇచ్చారు, వెనక గోడకి కెమెరా తగిలించారు. టీచరు తెర మీద ఏం రాసినా ట్యాబ్‌లో కనిపిస్తుంది. పాఠమంతా రికార్డవుతుంది. గంట కొట్టగానే ఆ వీడియో దానంతట అదే స్కూలు యాప్‌లోకి వెళ్లిపోతుంది. ఇక నోటుబుక్కులతో పనిలేదని ప్రిన్సిపాల్ మీటింగులో చెప్పగానే తల్లిదండ్రులంతా చప్పట్లు కొట్టారు. మా నాన్న అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆయన పనిచేసే స్పేర్‌పార్టుల షాపుకి ఎవరొచ్చినా, మా ఆవిడ ఇప్పుడు టీవీ మీద రాస్తోందండీ అని చెప్పి మరీ సామాను చేతిలో పెట్టేవాడు.

నేనప్పుడు పదో తరగతి. అమ్మ క్లాసులోనే ఉన్నాను, పైగా క్లాస్ లీడర్ని. స్కూల్లో టీచర్ అనాలి, ఇంట్లో అమ్మా అనాలి. నోరు జారి ఒకసారి క్లాసులో అమ్మా అన్నందుకు వారం రోజులు అందరూ నన్ను అమ్మకూచీ అని ఏడిపించారు.

అమ్మకి ఒక పద్ధతి ఉండేది. రోజూ పాఠంలో ఎక్కడో ఒకచోట కావాలని ఒక తప్పు రాసేది. మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ పెట్టేది, లేదా సూత్రంలో ఒక ముక్క మింగేసేది. దాని పేరు దొంగ. "దొంగ లోపలికొచ్చాడు, చూసుకోండి" అని మాత్రం చెప్పి, ఏమీ ఎరగనట్టు లెక్క సాగించేది. పట్టుకున్నవాళ్లు బల్ల దగ్గరికెళ్లి సుద్దతో కొట్టేసి దిద్దాలి. ఆ సుద్దముక్క కోసం పిల్లలు కొట్టుకునేవాళ్లు. నాకు మాత్రం పట్టే హక్కు లేదు. ఇంట్లో తిండి తింటున్నావు కాబట్టి నీకు దొంగలంతా ముందే చుట్టాలు అనేది. ఎవరూ పట్టకపోతే గంట కొట్టినా చెప్పేది కాదు. ఇవాళ దొంగ మీ వెంట ఇంటికొస్తాడు, తలుపు వేసుకుని వెతుక్కోండి అని వెళ్లిపోయేది. మర్నాడు హాజరు పిలిచాక అన్నిటికంటే ముందు నిన్నటి దొంగని తనే బయటికి లాగి, తప్పు దిద్ది, అప్పుడు కొత్త పాఠం ఎత్తుకునేది. ఎప్పుడో చదివి వెళ్లినవాళ్లు రోడ్డు మీద కనిపించినా ముందు దొంగలు కులాసాయేనా టీచర్ అనే అడిగేవాళ్లు.

ట్యాబ్‌లు వచ్చాక దొంగల్ని పట్టేవాడు లేకుండా పోయాడు. వీడియో ఎలాగూ వస్తుంది కదా, ఇప్పుడు చూడడం ఎందుకని పిల్లల ధీమా. నలభై ఒక్క తలలు కిందికి వంగి ఉండేవి. పాఠం పక్కనే ఇంకో కిటికీలో ఆట నడుస్తూ ఉండేది. అమ్మ ఒక్కో గీత గీసి, ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఎవరైనా చెయ్యెత్తుతారేమోనని చూసేది. ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. దొంగలు దర్జాగా ఇళ్లకి పోయేవాళ్లు.

క్లాసంతా తలెత్తేది ఒక్కసారే, మొదటి అయిదు నిమిషాల్లో. అమ్మ వచ్చి తెర వెలిగించేటప్పుడు.

అప్పుడు జరిగే భాగోతం చెప్పుకోవాలంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. పెన్ను తిరగేసి పట్టుకుని, రాయడం లేదేంట్రా ఇది అనేది. పేజీ తలకిందులుగా తెరిచి, తనే మెడ వంచి చదవబోయేది. ఒకరోజు తన మొహమే తెరంతా వచ్చేసింది. ఎవరర్రా ఈవిడ, ఫీజు కట్టిందా అని అడిగింది. పిల్లలు బల్లలు చరిచి నవ్వారు. ఆ నవ్వుల్లోనే హాజరు, ఆ నవ్వుల్లోనే నిన్నటి దొంగ. తర్వాత పాఠం మొదలయ్యేది, తలలు మళ్లీ వాలిపోయేవి.

వెనక బెంచీలో ఒకడుండేవాడు. కనిపించిందల్లా వీడియో తీస్తాడని వాడిని అందరూ కెమెరా అనేవాళ్లు. స్కూల్లోకి ఫోన్లు రానివ్వరు కాబట్టి, యాప్‌లోంచే అమ్మ తడబాట్లు కత్తిరించి, వెనక ఏదో వెకిలి సంగీతం తగిలించి, పిల్లల గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాడు. టీచరుకీ తెరకీ కుస్తీ అని దానికో పేరు. నేనున్న గ్రూపులోకే వచ్చేది. నేనున్నానని తెలిసే పెట్టేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. బాధ పడాల్సింది అమ్మ గురించి. నాకేమో అమ్మ మీద ఒళ్లు మండేది.

ఎందుకంటే ఆ తెర ఎలా వాడాలో అమ్మకి నేర్పింది నేనే. వేసవంతా ఇద్దరం మంచం మీద ట్యాబ్ పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కో బటనూ పదేసి సార్లు చెప్పాను. పాస్‌వర్డ్ పెట్టింది కూడా నేనే, నా పుట్టినరోజు తేదీ. నేర్చుకునేటప్పుడు అమ్మ చాలా బుద్ధిగా నేర్చుకుంది, నాకంటే మంచి ప్రశ్నలు వేసింది. అలాంటిది క్లాసుకి రాగానే అంతా గంగలో కలిపేసేది. ఒకరోజు ఇంటికొస్తూ ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ బటన్ నిన్ననే కదమ్మా చూపించాను?"

"మర్చిపోయానే తల్లీ, వయసు మీద పడుతోంది" అంది అమ్మ. అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండింది.

స్కూలు తెరిచిన మూడో వారం, శనివారం. శనివారం సాయంత్రాలు అమ్మ మా పెద్దమ్మ ఇంటికి వెళ్లేది. నాన్న షాపులో, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అప్పుడే గ్రూపులో కొత్త ముక్క వచ్చింది. అమ్మ తెరని గుడ్డ డస్టరుతో తుడుస్తోంది, అక్షరాలు పోవడం లేదని డస్టరుని దులిపి మళ్లీ తుడుస్తోంది. కింద నవ్వుతున్న బొమ్మలు వరసగా పడుతున్నాయి. నేను అమ్మ అకౌంటు తెరిచాను. సెట్టింగుల్లో ఒకచోట, ప్రతి వీడియో మొదట్లో ఎన్ని నిమిషాలు తీసేయమంటారు అని ఉంది. అయిదు అని పెట్టాను. పాత వీడియోలకి కూడానా, ఒకసారి తీసేస్తే మళ్లీ రాదు అని యాప్ అడిగింది. అవునని నొక్కాను.

ఆ అయిదు నిమిషాల్లోనే నిన్నటి దొంగ కూడా ఉంటాడని నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరితోనూ అనలేదు, ఇప్పుడూ అనను. క్లాసులో అందరూ విన్నారు కదా, వీడియోలో లేకపోతే కొంపేం మునగదని సర్దిచెప్పుకున్నాను. ఆ పూట నాకు దొంగ కంటే అమ్మ పరువు ముఖ్యమనిపించింది. అమ్మ పరువని ఇప్పుడంటున్నాను గానీ, నా పరువే.

కెమెరాగాడికి సరుకు దొరకడం మానేసింది. నాలుగు రోజులు గింజుకుని వేరే పని చూసుకున్నాడు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కానీ క్లాసులో మాత్రం అమ్మ తడబాటు తగ్గలేదు. వానలు ముదిరేకొద్దీ అది కూడా ముదిరింది. తెర వెలగడం లేదని దాని వెనక్కి తొంగి చూసేది. పెన్నులో సిరా అయిపోయిందేమోనని విదిలించేది. నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు, కాకపోతే మునుపటంత కాదు. అమ్మ ఇంకాస్త చేసేది. నేను మాత్రం ఆ అయిదు నిమిషాలూ పుస్తకంలోకి తల దూర్చి, ఏదో ఒక లెక్క చేస్తున్నట్టు పెన్సిల్ కదుపుతూ కూర్చునేదాన్ని. గంట మోగేదాకా పైకి చూసేదాన్ని కాదు.

అర్ధసంవత్సర పరీక్షల్లో మా పేపర్లు ఇంకో బ్రాంచి వాళ్లు దిద్దారు. ఒక ప్రశ్న వచ్చింది. రెండు సరూప త్రిభుజాల భుజాలు రెండుకి మూడు నిష్పత్తిలో ఉంటే, వైశాల్యాలు ఏ నిష్పత్తిలో ఉంటాయి. నాలుగుకి తొమ్మిది అని రాయాలి. నలభై ఒక్క మందిలో ముప్ఫై నాలుగు మంది రెండుకి మూడు అని రాశారు. ఎందుకలా రాశారని ఇళ్లల్లో నిలదీస్తే, పిల్లలు వీడియో తీసి చూపించారు. అందులో మా అమ్మ తన చేత్తో, తన అక్షరాలతో, వైశాల్యాలు కూడా రెండుకి మూడే అని రాసి కింద గీత గీసింది.

పిల్లలు చదివింది ఆ వీడియోలే. నోటుబుక్కుల్లేవు. పరీక్షకి రెండు రోజుల ముందు కూర్చుని, రెట్టింపు వేగంతో అన్నీ తిప్పేశారు. క్లాసులో మర్నాడు పొద్దున నవ్వుల మధ్య విన్న దిద్దుబాటు ఎవరికి గుర్తుంటుంది?

తల్లిదండ్రులు స్కూలు మీద పడ్డారు. ఒక తండ్రి ఇంజినీరు. పనిగట్టుకుని వీడియోలన్నీ చూసి నలభై ఏడు తప్పులు ఏరాడు. నిమిషాలూ సెకండ్లతో సహా పట్టిక వేసి అందరికీ పంపాడు. ఇన్నేళ్లూ మా పిల్లలకి చెప్పింది ఇదా అని నిప్పులు చెరిగారు. ప్రిన్సిపాల్ సోమవారం విచారణ అన్నాడు.

అమ్మకి మొదట చీమ కుట్టినట్టయినా లేదు. ఆ పట్టిక చూసి, నలభై ఏడూ దొరికాయే, ఈయన్ని క్లాసులో కూర్చోబెట్టుకోవాల్సింది అంది. నాన్న కంగారు పడుతుంటే, ఏముందండీ, మర్నాటి వీడియో మొదలు చూపిస్తే సరి, దొంగని దిద్దింది అందులోనే ఉంటుంది అని ట్యాబ్ తీసుకుంది. త్రిభుజాల పాఠం మర్నాటిది పెట్టింది. అది నేరుగా కొత్త లెక్కతో మొదలైంది. ఇంకోటి పెట్టింది. అదీ అంతే. పది పెట్టి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"వీటి ముందు భాగం ఏమైందే?"

"మిషనే తీసేస్తుందేమోనమ్మా" అన్నాను.

గొంతు ఎక్కడా తడబడకుండా అన్నాను. అది తలుచుకుంటేనే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

విచారణ ప్రిన్సిపాల్ గదిలో. ఆయన, ఇద్దరు తండ్రులు, తెరలు అమ్మిన కంపెనీ మనిషి, ఇవతల అమ్మ. పిల్లల తరఫున ముగ్గురిని పిలిచారు. క్లాస్ లీడర్ని కాబట్టి అందులో నేనొకదాన్ని, కెమెరాగాడు ఒకడు. టీచరు మర్నాడు తప్పులు దిద్దేవారా అని ప్రిన్సిపాల్ అడిగాడు. మిగతా ఇద్దరూ గుర్తులేదన్నారు. దిద్దారని ఒప్పుకుంటే తప్పు తమదే అవుతుంది మరి. దిద్దేవారు సర్ అన్నాను నేను. ఇంజినీరు తండ్రి నా వైపు చూసి చిన్నగా నవ్వి, కూతురు కదండీ అన్నాడు. అంతటితో నా సాక్ష్యం సరి.

అమ్మ నిబ్బరంగానే చెప్పింది. రోజూ దిద్దుతాను, అది వీడియోల మొదట్లో ఉంటుంది, కానీ మొదటి భాగం మిషనే తీసేస్తోందట అని. కంపెనీ మనిషి ఒప్పుకోలేదు. తన ల్యాప్‌టాప్ అందరి వైపూ తిప్పాడు.

"మిషన్ దానంతట అది తీయదు మేడమ్. మీ అకౌంటు నుంచే పెట్టారు. ఇదిగో, స్కూలు తెరిచిన మూడో వారం, శనివారం సాయంత్రం ఆరూ నలభై."

అమ్మ ఆ అంకెల్ని చూసింది. శనివారం సాయంత్రం తనెక్కడ ఉంటుందో అమ్మకి తెలుసు. ఇంట్లో ఎవరు ఉంటారో కూడా తెలుసు. నా వైపు తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు. నోరు తెరిచి నేనే చేశాను అనడానికి నాకు బోలెడు వ్యవధి దొరికింది. టీచరు అకౌంటులో చెయ్యి పెట్టినవాళ్లని స్కూలు నుంచి పంపించేస్తారని జూన్‌లోనే మాతో సంతకాలు పెట్టించుకున్నారు. అది గుర్తొచ్చింది.

"అయితే నేనే పెట్టి ఉంటాను. నాకీ మిషన్లు సరిగ్గా రావు కదా" అంది అమ్మ.

అందరూ ఇట్టే నమ్మారు. రాదని తెలియనిదెవరికి? మిషను మీద నెపం వేసిందని ఒక తండ్రి అంటే, పాపం వయసైపోయింది లెండి అని ఇంకో తండ్రి జాలిపడ్డాడు. ఆ జాలి కంటే చెంపదెబ్బ నయం. ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడి చేతులు దులుపుకున్నాడు. పదో తరగతి లెక్కలకి హెడ్డాఫీసు నుంచి రికార్డు చేసిన పాఠాలు వస్తాయి. అవి పెట్టడానికి, పిల్లలు అల్లరి చేయకుండా చూడడానికి క్లాసులో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి అమ్మ.

స్కూలు వదిలాక ఇద్దరం నడిచే ఇంటికొచ్చాం. గొడుగు ఒక్కటే ఉంటే నా వైపే పట్టింది. ఒక్క మాట అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్ని.

తర్వాత మూడు నెలలు అమ్మ రోజూ క్లాసుకొచ్చి తెర వెలిగించేది. ఒక్కసారి కూడా తడబడలేదు. పెన్ను తిరగేయలేదు, పేజీ తలకిందులు కాలేదు. రెండు నొక్కుల్లో పాఠం మొదలైపోయేది. ఎవరో సూటు వేసుకున్నాయన చకచకా లెక్కలు చేసేవాడు. అమ్మ క్లాసు చివర కుర్చీలో, గోడ మీది కెమెరా కింద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తలెత్తి చూసేవాడు ఒక్కడు లేడు. ఇంట్లో కూడా అమ్మ లెక్కల మాట ఎత్తడం మానేసింది. నేను సందేహం అడిగితే వీడియోలో ఉంటుంది చూసుకో అనేది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అనేది. షాపులో నాన్న టీవీ మాట మానేశాడు. ఇంట్లో ముగ్గురం ఒకళ్లనొకళ్లు తప్పుకుని తిరిగేవాళ్లం.

చలికాలం వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం, నాన్న లేనప్పుడు, అమ్మ నా స్కూలు బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఇక ఉండలేక చెప్పేశాను. శనివారం సంగతి, సెట్టింగు సంగతి, అబద్ధం సంగతి, అన్నీ. ఏడుస్తూనే చెప్పాను. అమ్మ ఇస్త్రీ ఆపలేదు.

"తెలుసు. ఆ గదిలోనే తెలిసింది" అంది. చొక్కా రెండో వైపుకి తిప్పి, "ఎందుకు తీసేశావు?" అని అడిగింది.

"అందరూ నిన్ను చూసి నవ్వుతున్నారమ్మా."

"నవ్వాలనే కదా చేసింది."

నాకు అర్థం కాలేదు. అమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ప్లగ్గు తీసి, అప్పుడు చెప్పింది. తెర వాడడం తనకి వేసవిలోనే వచ్చేసిందట. నేర్పింది నువ్వు కదా, రాకుండా ఎలా పోతుంది అంది. స్కూలు తెరిచిన మొదటి రోజు మాత్రం నిజంగానే చెయ్యి తడబడింది. క్లాసంతా తలెత్తి నవ్వింది. ఆ తర్వాత ఎంత బాగా చెప్పినా ఎవరూ తలెత్తలేదు. ఏ నిమిషం ఎంతమంది చూశారో యాప్‌లో గీత గీసి చూపిస్తుంది. ఇంటి దగ్గర కూడా పిల్లలు మళ్లీ మళ్లీ తిప్పి చూసేది ఆ మొదటి అయిదు నిమిషాలే. అందుకే రోజూ పనిగట్టుకుని తప్పు బటన్ నొక్కింది. నవ్వు ఆగకముందే దొంగని బయటికి లాగింది.

"నాలుగో వారం నుంచి ఆ గీత పడిపోయింది. నా వేషం పాతబడిందేమో అనుకున్నాను. ఇంకాస్త ఎక్కువ చేశాను. వీడియో పెట్టి చూసుకుని ఉంటే తెలిసేదే. నా మొహం నేను చూసుకోలేక చూడలేదు" అంది.

అమ్మ చొక్కా మడత పెట్టి నా చేతికిచ్చింది.

"నలభై మంది తలెత్తేవాళ్లు. నువ్వొక్కదానివే ఎత్తేదానివి కాదు. లెక్క చేసుకుంటున్నావనుకునేదాన్ని" అంది.

పోనీలే అంటుందని చాలాసేపు చూశాను. అనలేదు.

వేసవిలో ఫలితాలొచ్చాయి. లెక్కల్లో నాకు వందకి తొంభై ఎనిమిది. నాన్న షాపులో అందరికీ స్వీట్లు పంచాడు. నేను మార్కుల కాగితం తీసుకెళ్లి అమ్మ చేతికిచ్చాను. రాజీనామా కాగితం రాసుకుంటోంది అప్పుడు. పెన్ను పక్కన పెట్టి, పైనుంచి కిందిదాకా అన్నీ చదివింది. "బాగా వచ్చాయమ్మా" అంది, ఎవరి పిల్లతోనో అన్నట్టు.